అద్దె ఇంటి బాగోగులు

పాఠ్యభాగ పరిచయం

కూడు, గుడ్డ, గూడు మానవుని కనీసావసరాలు. సొంత గూడు లేనివారు పరుల గూటిలో అద్దెకు తలదాచుకుంటారు. అట్టి ఇల్లు నివాసయోగ్యంగా ఉన్నదో లేదో చూడవలసిన బాధ్యత ఎవరిది? యజమానిదా, అద్దెకున్నవారిదా, పురపాలక సంఘానిదా? ఈ ప్రశ్నకు ప్రాచీన భారతీయులు, పాశ్చాత్య నగరాలవారు, మన చట్టకర్తలు చెప్పిన సమాధానాలను ఈ పాఠం పరిశీలిస్తుంది. చదువు నిమిత్తం ఇల్లు విడిచి వచ్చిన విద్యార్థులకు ఇది ప్రత్యక్షంగా సంబంధించిన విషయం.

పాఠ్యభాగం

జూన్ మాసం వచ్చిందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో ఒక దృశ్యం కనబడుతుంది. పల్లె నుండి వచ్చిన తండ్రి ఒక చేత ట్రంకుపెట్టె, మరొక చేత బియ్యపు సంచి పట్టుకొని, కుమారుని వెంటబెట్టుకొని వీధి వీధీ తిరుగుతుంటాడు. కళాశాలకు దగ్గరలో, తన స్తోమతకు తగిన గది కావాలి. 'టు-లెట్' బోర్డు కనిపించిన చోటల్లా ఆగి, "అమ్మా! గది ఉన్నదా? కిరాయి ఎంత? అడ్వాన్సు ఎంత? నీళ్లు వస్తాయా?" అని అడుగుతాడు. ఇంటివారు కూడా, "ఎందరుంటారు? ఏ ఊరు? ఏమిట్లు?" అని అడుగుతారు. బేరం కుదురుతుంది. సామాను దిగుతుంది.

ఈ సంభాషణలో ఎవరూ అడగని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ గదికి కిటికీ ఉన్నదా? గోడకు చెమ్మ ఎందుకు పట్టింది? స్లాబు పెచ్చులు ఊడి ఇనుప చువ్వలు ఎందుకు కనబడుతున్నాయి? స్విచ్చిబోర్డుకు ఎర్తింగు ఉన్నదా? రాత్రి నిప్పంటుకుంటే బయటపడడానికి రెండవ దారి ఉన్నదా? అద్దె ఎక్కువైతే కొంత ధనం పోతుంది. ఈ ప్రశ్నలను విస్మరిస్తే పోయేది ఆరోగ్యం, ఒక్కొక్కసారి ప్రాణం. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దెకుండి చూడు అని ఎవరూ అనకపోయినా, ఆ కష్టం కూడా తక్కువది కాదు.

అద్దె ఇల్లు ఎందుకు శిథిలమవుతుంది?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాలలో 27.5 శాతం అద్దె ఇళ్లలో నివసిస్తున్నాయి. అదే లెక్కలలో సూర్యాపేట, మిర్యాలగూడ లక్ష జనాభా దాటిన పట్టణాలు. విద్యార్థులు, ఉద్యోగులు, బియ్యపు మిల్లులలో పనిచేసే కార్మికులు, జాతీయ రహదారిని నమ్ముకొని జీవించే చిరువ్యాపారులు ఈ పట్టణాలకు నిత్యం వచ్చి చేరుతుంటారు. వీరిలో అధికులకు అద్దె ఇల్లే దిక్కు.

సొంత ఇంటి కప్పు కారితే యజమాని ఆ వర్షాకాలంలోనే బాగు చేయించుకుంటాడు. తడిసేది అతడే, ఖర్చు పెట్టేదీ అతడే. అద్దె ఇంటిలో ఈ రెండు పాత్రలూ వేరవుతాయి. తడిసేవాడు ఒకడు, ఖర్చు పెట్టవలసినవాడు మరొకడు. 'ఎట్లాగూ అద్దె వస్తున్నది కదా' అని యజమాని ఉపేక్షిస్తాడు. 'ఎట్లాగూ రేపో మాపో ఖాళీ చేసేదే కదా' అని అద్దెకున్నవాడు ఊరుకుంటాడు. ఈ రెండు 'ఎట్లాగూ'ల నడుమ గోడ బీటలు వారుతుంది.

దీనికి తోడు ఒప్పందాల తీరు ఒకటి ఉన్నది. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా నమోదు చేయించాలి. ఆ ఖర్చు, శ్రమ తప్పించుకొనడానికి 11 నెలల కాగితం రాసుకోవడం పరిపాటి. చాలాచోట్ల ఆ కాగితం కూడా ఉండదు, నోటిమాటే ఒప్పందం. ఇట్టి స్థితిలో మరమ్మతు అడిగినవాడికి మొదట లభించే సమాధానం, "ఇష్టం లేకపోతే ఖాళీ చేయండి" అన్నదే. అందువలన అద్దెకున్నవాడు ఫిర్యాదు చేయడు. ఫిర్యాదు లేదు కనుక ఇల్లు బాగున్నదని అధికారులు భావిస్తారు. ఫిర్యాదుపై మాత్రమే ఆధారపడే పరిరక్షణ విధానం అద్దె ఇళ్ల విషయంలో విఫలం కావడానికి మూలకారణం ఇదే. అడిగేవాడు లేకపోయినా వచ్చి చూసేవాడు ఒకడుండాలనే ఆలోచన నుండే నియతకాలిక తనిఖీ పుట్టింది.

ప్రాచీనుల దృష్టి

ఈ ఆలోచన మనకు పూర్తిగా కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నగర పాలనకు నాగరకుడనే అధికారి ఉన్నాడు. అతని కింద స్థానికులు, గోపులు ఉంటారు. ఒక్కొక్క గోపుడు పది, ఇరవై, లేక నలభై కుటుంబాల వివరాలను తెలిసి ఉండాలి. నేటి వార్డు అధికారికి అతడు పూర్వరూపం వంటివాడు. ప్రతి ఇంటా నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, అంకుశం, తోలుతిత్తి మొదలైన అగ్నినివారణ సామగ్రి ఉండాలని, లేకుంటే జరిమానా అని ఆ గ్రంథం శాసించింది.

అంతకంటె ఆసక్తికరమైన విషయం మరొకటి ఉన్నది. నిప్పంటుకున్నప్పుడు ఆర్పడానికి పరుగెత్తని గృహస్వామికి 12 పణాలు, అద్దెకున్నవానికి 6 పణాలు దండన విధించాడు కౌటిల్యుడు. ఇంటి రక్షణలో ఇద్దరికీ బాధ్యత ఉన్నది; కాని యజమాని బాధ్యత రెట్టింపు అన్న వివేకం ఈ అంకెలలో వ్యక్తమవుతున్నది. ఖాళీ చేయమన్నా కదలని అద్దెదారునికి, తగిన కారణం లేకుండా అద్దెదారుని వెళ్లగొట్టే యజమానికి కూడా ఆయన శిక్ష చెప్పాడు. ఒకరి పక్షం వహించి మరొకరిని మరువకపోవడం ఈ శాసనంలోని విశేషం.

ఆధునిక తనిఖీల చరిత్ర

పందొమ్మిదవ శతాబ్దంలో యంత్ర పరిశ్రమలు పెరిగి, ఐరోపా నగరాలలో కార్మికులు ఇరుకు గదులలో కిక్కిరిసి జీవించసాగారు. అంటువ్యాధులు ప్రబలాయి. 1862లో స్కాట్లండులోని గ్లాస్గో నగరం ఒక చట్టం చేసి, చిన్న ఇళ్లను కొలిపించింది. ఒక్కొక్క పెద్దమనిషికి 300 ఘనపుటడుగుల చోటు చొప్పున లెక్కగట్టి, ఆ ఇంట ఎందరు ఉండవచ్చునో తెలిపే లోహపు బిళ్లను తలుపుపై బిగించింది. లెక్కకు మించి ఉన్నారేమోనని తనిఖీ ఉద్యోగులు అర్ధరాత్రి తలుపు తట్టేవారు. భయపడిన పేదలు అలమారలలో, మంచాల కింద దాగేవారు.

ఉద్దేశం మంచిదే, కాని దెబ్బ తగిలింది ఎవరికి? చోటు లేని ఇంటిని అద్దెకిచ్చినవారికి కాదు. వేరే చోటు దొరకక అందులో తలదాచుకున్నవారికి. ఇంటి కోసం ఏర్పడిన తనిఖీ మనుషుల వేటగా మారరాదన్నది గ్లాస్గో నేర్పిన తొలి పాఠం.

న్యూయార్కు నగరంలో 1901లో వచ్చిన అద్దె గృహాల చట్టం మరొక మార్గం తొక్కింది. వెలుతురు చొరని గదులకు కిటికీలు, చీకటి నడవలకు దీపాలు, పరిశుభ్రమైన మరుగుదొడ్లు ఏర్పరచే బాధ్యతను యజమానులపై ఉంచింది. దీని అమలుకు ప్రత్యేక శాఖను స్థాపించింది. దాదాపు అదే కాలంలో మన హైదరాబాదు కూడా ఇట్టి గుణపాఠమే నేర్చింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. తరువాత ప్లేగు వ్యాపించింది. 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి మండలిని నెలకొల్పి, ఇరుకు వాడలను తొలగించి, గాలి వెలుతురు గల ఇళ్లను, విశాలమైన వీధులను నిర్మింపజేసింది.

తనిఖీ విధానంలోని మెట్లు

నేడు అమెరికాలోని పలు నగరాలలో అద్దె ఇళ్ల తనిఖీ నియత కార్యక్రమంగా సాగుతున్నది. లాస్ ఏంజెలెస్ నగరం 1998లో ఇట్టి విధానాన్ని ప్రారంభించింది. చదువుకు, ఉద్యోగానికి వెళ్లి అక్కడ అద్దెకుంటున్న మన తెలుగువారికి ఇది పరిచితమైన విషయమే. వివరాలు నగరానికొక తీరుగా ఉన్నా, ప్రధానమైన మెట్లు ఐదు. మొదటిది నమోదు: అద్దెకిచ్చే ప్రతి ఇల్లూ పట్టికకెక్కాలి. రెండవది నిర్ణీత కాలంలో పరిశీలన: ఫిర్యాదు ఉన్నా లేకున్నా కొన్నేళ్లకొకసారి అధికారి వస్తాడు. మూడవది లిఖితపూర్వకమైన అంశాల జాబితా: అధికారి తన ఇష్టం వచ్చినది కాక, ముందే ప్రకటించిన అంశాలనే చూస్తాడు. నాలుగవది గడువు: లోపం కనబడగానే దండింపక, సరిదిద్దుకొనడానికి వ్యవధి ఇస్తాడు. ఐదవది పునఃపరిశీలన: గడువు తీరిన పిమ్మట మళ్లీ వస్తాడు; అప్పటికీ బాగుపడకపోతేనే జరిమానా.

దీని ప్రయోజనానికి ఒక దృష్టాంతం చాలు. న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో పాత ఇళ్ల రంగులలోని సీసం పసిపిల్లల మెదడుకు హాని చేస్తున్నదని గుర్తించారు. అంతకుముందు పిల్లవాని రక్తంలో సీసం బయటపడిన తరువాత ఇంటిని పరీక్షించేవారు. 2005లో చేసిన శాసనంతో ఈ క్రమం తలకిందులైంది. పాత అద్దె ఇళ్లను ముందే పరీక్షించి, బాగున్న పిదపనే నివాసానికి ధ్రువపత్రం ఇవ్వసాగారు. బిడ్డ రోగం చూసి ఇంటిని శంకించడం కంటె, ఇంటిని చూసి బిడ్డను కాపాడడం మేలు కదా!

మన చట్టాలు ఏమంటున్నాయి?

మన దేశంలో అద్దె ఇంటికి చట్టరక్షణ లేదనడం సరికాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, ఇంటిలోని ముఖ్యమైన లోపాన్ని యజమాని దాచరాదు. తాను చేయవలసిన మరమ్మతును, తెలియజేసిన తరువాత కూడా తగిన కాలంలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకొనవచ్చు. ఇంటిని చేరినప్పటి స్థితిలో అప్పగించవలసిన బాధ్యత అద్దెదారునిది; వాడుకలో సహజంగా కలిగే అరుగుదలకు అతడు బాధ్యుడు కాడు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, తన పరిధిలోని ఇళ్లకు తగిన కారణం లేకుండా నీటిని, విద్యుత్తును నిలిపివేయరాదని నిషేధించింది. 1995లో చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు నివాస హక్కును వ్యాఖ్యానిస్తూ, అది తలపై కప్పుతో ముగియదని, తగినంత చోటు, భద్రమైన కట్టడం, గాలి, వెలుతురు, నీరు, పారిశుద్ధ్యం కూడా అందులో భాగమేనని వివరించింది.

2021 జూన్‌లో కేంద్ర మంత్రిమండలి ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ బాధ్యతలను పట్టికగా విభజించింది. కట్టడపు మరమ్మతులు, సున్నాలు, నీటి గొట్టాల మార్పిడి, విద్యుత్ తీగల పని యజమాని వంతు. కుళాయిలు, స్విచ్చిలు, మోరీల శుభ్రత వంటివి అద్దెదారు వంతు. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. యజమాని లోనికి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలి. అయితే ఇది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకున్నప్పుడే అమలులోకి వస్తుంది.

ఇక పురపాలక సంఘాల సంగతి. తెలంగాణలో 2019 నాటి పురపాలక చట్టం కూలే స్థితిలో ఉన్న కట్టడాలపై చర్య తీసుకొనే అధికారాన్ని పురపాలక సంఘాలకు ఇచ్చింది. 2020 నాటి భవన అనుమతుల చట్టం, 75 చదరపు గజాలలోపు స్థలంలో చిన్న ఇంటికి నమోదు చాలునని, 600 చదరపు గజాల వరకు యజమాని స్వీయ ధ్రువీకరణపై అనుమతి ఇవ్వవచ్చునని నిర్ణయించింది. కాని ఇవన్నీ ఇల్లు పుట్టేటప్పుడు, లేదా అది కూలబోయేటప్పుడు పలికే మాటలు. నడుమ ఇరవై, ముప్పై ఏళ్లు అందులో మనుషులు బతికే కాలంలో అద్దె ఇంటిని క్రమబద్ధంగా చూసే ప్రత్యేక విధానం మనకు ఏర్పడలేదు.

ఉన్న పరిశీలన కూడా ముక్కలు ముక్కలుగా ఉన్నది. మోరీని పారిశుద్ధ్య సిబ్బంది చూస్తారు. మీటరును విద్యుత్ సిబ్బంది చూస్తారు. దోమలను ఆరోగ్య కార్యకర్తలు చూస్తారు. అద్దెకున్నవారి గుర్తింపు కార్డులను పోలీసులు చూస్తారు. అద్దెకున్న మనిషి ఎట్టివాడో తెలుసుకొనడానికి ఏర్పాటు ఉన్నది. ఆ మనిషి ఉన్న ఇల్లు ఎట్టిదో తెలుసుకొనడానికి లేదు. ఇది ఆలోచింపదగిన విషయం.

ఇంటిలో చూడవలసినవి

మొదటిది చోటు. జాతీయ భవన నియమావళి ప్రకారం నివసించే గది ఒక్కటే అయితే వైశాల్యం కనీసం 9.5 చదరపు మీటర్లు, ఎత్తు కనీసం 2.75 మీటర్లు ఉండాలి. మన పట్టణాలలో 'పదికి పది' అని పిలిచే గది 100 చదరపు అడుగులు, అంటే సుమారు 9.3 చదరపు మీటర్లు. ఈ కనీసపు కొలతకు అది కొద్దిలో తప్పుతుంది. అట్టి గదిలో నలుగురు విద్యార్థులు ఉంటే పరిస్థితిని మీరే ఊహించవచ్చు.

రెండవది గాలి, వెలుతురు. వేడి, పొడి వాతావరణం గల ప్రాంతాలలో గాలి వచ్చే మార్గాల వైశాల్యం నేల వైశాల్యంలో పదవ వంతుకు తగ్గరాదు. వేడితోపాటు తేమ ఉన్నచోట ఆరవ వంతు ఉండాలి. పదికి పది గదికి పదవ వంతు అంటే రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల కిటికీ.

మూడవది చెమ్మ. కారే గొట్టం, పగిలిన స్లాబు, నేల నుండి ఎగబాకే తేమ గోడకు బూజు పట్టిస్తాయి. ఆ బూజు ఊపిరితిత్తులకు శత్రువు. ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో బూజు పట్టిన అద్దె ఇంట నివసించిన రెండేళ్ల బాలుడు 2020 డిసెంబరులో శ్వాసకోశ వ్యాధితో మరణించాడు. ఆ విషాదం ఫలితంగా, సామాజిక గృహాలలో ఇట్టి ప్రమాదాలను నిర్ణీత గడువులో సరిచేయాలనే చట్టం వచ్చి, 2025 అక్టోబరు నుండి అమలవుతున్నది. చెమ్మ మరొక హాని కూడా చేస్తుంది. స్లాబులోని ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది, పెచ్చులు ఊడతాయి. పెచ్చు ఊడినచోట సున్నం పూయడం పుండుపై గుడ్డ కప్పడం వంటిది.

నాలుగవది విద్యుత్తు. బకెట్టులో పెట్టే హీటరు, అతుకుల తీగ, ఎర్తింగు లేని ప్లగ్గు విద్యార్థుల గదులలో సర్వసాధారణం. బట్టలు ఆరేసే ఇనుప దండేనికి సర్వీసు తీగ తగిలి, వర్షాకాలంలో ప్రాణాలు పోయిన వార్తలు మనం తరచు చదువుతుంటాము. ఇనుప తీగకు బదులు ప్లాస్టిక్ తాడు కట్టడం చిన్న పనే, ఫలం మాత్రం పెద్దది. 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు లీకయినా సరఫరాను తెంచివేసే రక్షక స్విచ్చిని మీటరు వద్ద అమర్చుకొనవచ్చు.

ఐదవది వెలుపలికి దారి. 2025 మే 18న హైదరాబాదు పాతబస్తీలోని గుల్జార్ హౌజ్ వద్ద, కింద దుకాణాలు, పైన నివాసం గల భవనంలో నిప్పంటుకొని 17 మంది మరణించారు. ఇరుకు దారి రక్షణకు అవరోధమైంది. మన పట్టణాలలో కింద అంగళ్లు, పైన అద్దె గదులు గల భవనాలు ఎన్నో ఉన్నాయి. మెట్ల కింద మోటారు సైకిళ్లు, గ్యాసు సిలిండర్లు పేర్చడం ఎంత ప్రమాదమో గ్రహించాలి.

ఆరవది నీరు. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఫ్లోరైడు సమస్యకు పేరుపొందింది. ఫ్లోరైడును తొలగించడానికి నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి 'నల్లగొండ విధానం' అనే పేరే స్థిరపడింది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. కనుక కుళాయి ఉన్నంతమాత్రాన తృప్తిపడక, అందులో వచ్చేది మిషన్ భగీరథ నీరా, బోరు నీరా అని అడగడం అవసరం. మూతలేని సంపులో, డ్రమ్ములో డెంగీ దోమ గుడ్డు నుండి పూర్తి దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇంటి నిల్వనీటిని తొలగించాలని 2020లో తెలంగాణ పురపాలక శాఖ ప్రచారం చేయడంలోని అంతరార్థం ఇదే.

అభ్యంతరాలు - సమాధానాలు

తనిఖీ వస్తే మరమ్మతు ఖర్చును యజమాని అద్దెపై వేస్తాడని కొందరి శంక. ఇది తోసిపుచ్చదగినది కాదు. పింఛనుకు తోడుగా రెండు గదులు అద్దెకిచ్చి జీవించే వృద్ధులు కూడా యజమానులే. కాబట్టి ప్రాణహాని కలిగించే లోపాలకు స్వల్ప గడువును, తక్కినవాటికి దీర్ఘ గడువును ఇవ్వడం న్యాయం. ఇల్లు నివాసయోగ్యం కాదని తేలితే అద్దెదారు వీధిన పడతాడన్నది రెండవ శంక. ప్రత్యామ్నాయం చూపక ఖాళీ చేయించడం గ్లాస్గో పొరపాటును పునరావృతం చేయడమే. తనిఖీ లంచానికి తలుపు తెరుస్తుందన్నది మూడవ శంక. ముందే ప్రకటించిన జాబితా, అందరూ చూడగల నివేదిక దీనికి కొంతవరకు విరుగుడు.

నాలుగవది గోప్యత. అద్దె ఇల్లయినా అది ఒకరి గృహమే. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక అద్దెదారు తనిఖీ అధికారిని లోనికి రానీయలేదు. ఆ కమారా కేసులో 1967లో అమెరికా సుప్రీంకోర్టు, నివాసి సమ్మతించనప్పుడు న్యాయాధికారి అనుమతి పత్రం ఉండాలని తీర్పు చెప్పింది. మన సుప్రీంకోర్టు కూడా 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించింది. కనుక పగటిపూట, ముందుగా తెలియజేసి, గోడలను, తీగలను చూసిపోయే తనిఖీయే మనకు ఆదర్శం. పెట్టెలు తెరిపించేది కాదు.

ముగింపు

చట్టం వచ్చేవరకు చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. గదిలో చేరే ముందు పై ఆరు అంశాలను పరిశీలించాలి. గోడల, తీగల స్థితిని ఛాయాచిత్రాలు తీసుకోవాలి. చెల్లించిన అద్దెకు, అడ్వాన్సుకు రసీదు అడగాలి. మరమ్మతు కోరినప్పుడు మర్యాదగా, కాని రాతపూర్వకంగా కోరాలి. ప్రమాదం ఉన్నదనిపిస్తే పురపాలక కార్యాలయానికి, లేదా కలెక్టరేటులో సోమవారం జరిగే ప్రజావాణికి తెలియజేయాలి. 2019 చట్టం ప్రతి వార్డులోనూ యువజనులతో కూడిన ఒక కమిటీకి అవకాశం కల్పించింది. ఆ వార్డులోని అద్దె గదుల స్థితిని చర్చకు తేవడానికి అంతకన్న తగిన వేదిక ఏమున్నది?

నేడు అద్దెకున్న విద్యార్థి రేపు ఉద్యోగియై, ఒక ఇల్లు కట్టి, పై అంతస్తులో రెండు గదులు అద్దెకు ఇవ్వవచ్చు. ఆనాడు ట్రంకుపెట్టెతో గుమ్మం ముందు నిలిచిన తండ్రిని, కుమారుని చూసినప్పుడు తన కిటికీ లేని గది అతనికి గుర్తుకు రావాలి. అట్లా గుర్తుంచుకొని కట్టిన ఇంటికి తనిఖీ అధికారి వచ్చినా రాకపోయినా భయం లేదు.

కఠిన పదాలకు అర్థాలు

ఉపేక్షించు = పట్టించుకోకుండు
నియతకాలికం = నిర్ణీత కాలంలో మళ్లీ మళ్లీ జరిగేది
గృహస్వామి = ఇంటి యజమాని
పణం = ప్రాచీన కాలపు నాణెం
ప్రబలు = ఎక్కువగు, వ్యాపించు
దృష్టాంతం = ఉదాహరణ
పారిశుద్ధ్యం = పరిశుభ్రత
అవరోధం = అడ్డంకి
గోప్యత = వ్యక్తిగత విషయాలు ఇతరులకు తెలియకుండే స్థితి
పునరావృతం = మళ్లీ జరగడం

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. అద్దె ఇళ్లు శిథిలం కావడానికి గల కారణాలను విశ్లేషించండి.
2. అద్దె ఇంటిలో పరిశీలింపదగిన అంశాలను పాఠం ఆధారంగా వివరించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఇంటి రక్షణ విషయంలో కౌటిల్యుడు చేసిన విధులు ఏవి?
2. గ్లాస్గో నగర అనుభవం నేర్పిన పాఠం ఏమిటి?
3. తనిఖీ విధానంలోని ఐదు మెట్లను తెలపండి.

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. హైదరాబాదులో నగరాభివృద్ధి మండలి ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. నివసించే గది ఎత్తు కనీసం ఎంత ఉండాలి?

ఈ. కృత్యం
మీరు నివసించే గది పొడవు, వెడల్పు, కిటికీ కొలతలు తీసుకొని, అవి పాఠంలో చెప్పిన ప్రమాణాలకు సరిపోతున్నవో లేదో లెక్కించి ఒక నివేదిక రాయండి.